చలి చదివిన చోట

బాలరాట్‌లో జూన్ నెలంటే
కొళాయి కింద పెట్టిన వేళ్ళు కాసేపు మనవి కావు.
స్టర్ట్ స్ట్రీట్ చివర మా పశువుల ఆసుపత్రి.
హీటరు ఒక మూల, కుక్కలన్నీ ఆ మూలే.

నోరీన్ ట్రెలోర్ గారు బుట్ట బల్లమీద పెట్టి
మూత తీయకుండానే అన్నారు:
"నా పిల్లిని మార్చేశారు."

పిల్లి పేరు సేగో.
నా నోట్లో అది ఎప్పుడూ సగ్గుబియ్యమే.
సయామీ జాతి. పాయసం రంగు ఒళ్ళు,
చెవులు, మూతి, తోక, నాలుగు పాదాలు మాత్రం
మాడిన అట్టు అంచులు.
ఏప్రిల్‌లో ఎడమ డొక్కన గడ్డ తీసేముందు
అరచేయి వెడల్పున నేనే గొరిగాను.
ఇప్పుడక్కడ బొచ్చు మొలిచింది
నల్లగా,
ఎవరో మసిచేత్తో ఎత్తుకుని దించినట్టు.

మార్చలేదండీ, అన్నాను.
ఆ నలుపు దీని ఒళ్ళంతా ఉంది.
ప్రతి వెంట్రుక మొదట్లోనూ సిరా నూరేవాడొకడున్నాడు.
తల్లి ఇచ్చిన ప్రతిలోనూ తండ్రి ఇచ్చిన ప్రతిలోనూ
ఒకటే అక్షరదోషం:
వెచ్చగా ఉంటే వాడికి పని సాగదు.
చెవి కొసన, తోక చివర,
నెత్తురు చల్లబడే చోట మాత్రం
లేచి కూర్చుని నూరతాడు.
నేను గొరిగి, చలికి వాకిలి తీశాను. అంతే.

"పుట్టినప్పుడు పాలలా ఉండేది ఇది."
పుట్టినప్పుడు ఈ జాతిలో అన్నీ అంతేనండీ,
తల్లి కడుపులో ఎక్కడా చలి లేదు గదా.

ఆ మాట అన్నాక
నాకే కాసేపు నోరు పెగల్లేదు.

మా నాన్న ముక్కు నాకు వచ్చింది.
కుడి కనుబొమ్మలో సుడి వచ్చింది.
తుమ్మితే వరసగా మూడు తుమ్మడం వచ్చింది.
కంచం గోడకి తగిలే ముందు లేచే ఆ గొంతు మాత్రం
రాలేదనీ, నేను అమ్మ పోలికనీ
ముప్పయ్యేళ్ళు అందరికీ చెప్పుకున్నాను.
ఈ ఊళ్ళో మొదటి శీతాకాలం,
అద్దెగదిలో హీటరు చెడి, వరసగా పదకొండో రాత్రి డ్యూటీ,
కొత్తగా చేరిన కాలమ్ మందుసీసా జారవిడిచాడు.
అరిచాను.
బోనుల్లో కుక్కలు మొరగడం మానేశాయి.
ఆ గొంతెవరిదో నాకు తెలుసు.
కాలమ్‌కి తెలియదు, పాపం,
వాడు వంగి గాజుపెంకులు ఏరుతున్నాడు.

దేనికైనా నుదుటి రాత అంటుంది మా మేనత్త.
రాత సరే అత్తయ్యా,
చదివేదెవరు?

ఇవేవీ ట్రెలోర్ గారికి చెప్పలేదు.
ఆవిడ అడిగిందొక్కటే:
"మళ్ళీ తెల్లబడుతుందా?"
ఈ బొచ్చు రాలి కొత్తది మొలిచేటప్పుడు
వెచ్చగా ఉంచితే, బహుశా.
హామీ ఇవ్వలేనండీ.

వారం తిరిగేసరికి
గుమ్మడిపండు రంగు ఉన్నిచొక్కాలో దిగింది సగ్గుబియ్యం.
మెడ దగ్గర ఒక బొత్తాం, మొహంలో ఘోరమైన అవమానం.
"మా ముత్తాత కార్న్‌వాల్ నుంచి వచ్చి
ఈ నేలంతా బంగారానికి తవ్వాడు.
ఉంగరానికి సరిపడా కూడా దొరకలేదు, అయినా తవ్వాడు.
నాకీ మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావ్?"

అక్టోబరులో విప్పి చూశాం.
చొక్కా కప్పినంత మేరా పాయసమే.
అది పైకి ఎగబాకిన చోట, నడుం దగ్గర,
వేలెడు నలుపు అలాగే ఉంది.
"అది నా తప్పు. రెండు వరసలు తక్కువల్లాను."

బిల్లు కట్టి, చిల్లర అందుకుంటూ
నా చెయ్యి పట్టుకుని ఆగిపోయారు.
"ఇంత చల్లగా ఉన్నాయేంటి?"
సంచిలోంచి మిగిలిన ఉన్ని ఉండ తీసి
దారాన్ని నా మణికట్టు చుట్టూ తిప్పి
గోటితో గుర్తు పెట్టుకున్నారు,
పెదాలు కదుపుతూ లెక్కేసుకున్నారు,
ఈసారి రెండు వరసలు ఎక్కువే వేసుకుని.